టేకాఫ్‌లో హెలికాప్టర్ ఇంజిన్ ఆగితే? కథ ఇంధనం పైపు దగ్గరే మొదలవుతుంది

ఇంజిన్ ఆగిపోతే విమానం కనీసం గాలిలో తేలుకుంటూ కిందికి వస్తుంది, హెలికాప్టర్ మాత్రం రాయిలా పడిపోతుంది అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇది తప్పే, కానీ పూర్తిగా తప్పు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. వెయ్యి అడుగుల ఎత్తులో మంచి వేగంతో పోతున్నప్పుడు ఇంజిన్ ఆగితే, కింద కాస్త ఖాళీ జాగా ఉండి పైలట్ చురుగ్గా ఉంటే, అందరూ తమ కాళ్ల మీద నడుచుకుంటూ బయటికి రావచ్చు. అదే హెలికాప్టర్ నిట్టనిలువుగా లేచి వంద అడుగుల దగ్గర ఉన్నప్పుడు ఇంజిన్ ఆగితే, ఎంత చేయి తిరిగిన పైలట్ అయినా చేయగలిగింది చాలా తక్కువ. అంటే నేలకు దగ్గరగా ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువన్నమాట. వినడానికి తలకిందులుగా ఉంటుంది.

ఎందుకలా అంటే, హెలికాప్టర్‌ని గాలిలో నిలబెట్టేది పైన తిరిగే రోటర్, ఇంజిన్ పని దాన్ని తిప్పడం వరకే. ఇంజిన్ ఆగిన క్షణంలో ఫ్రీవీల్ అనే చిన్న ఏర్పాటు రోటర్‌ని ఇంజిన్ నుంచి విడదీస్తుంది. సైకిల్ తొక్కడం ఆపేసినా చక్రం తిరుగుతూనే ఉంటుంది చూడండి, అదే పద్ధతి. అప్పుడు పైలట్ ఎడమచేతి దగ్గరుండే కలెక్టివ్ లివర్‌ని వెంటనే కిందికి దించాలి. బ్లేడ్ల వాలు తగ్గుతుంది, హెలికాప్టర్ దిగుతున్న కొద్దీ కింద నుంచి పైకి తోసుకొచ్చే గాలే రోటర్‌ని తిప్పుతూ ఉంటుంది, కాగితపు గాలిమర గాలికి తిరిగినట్టు. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. దిగే వేగం నిమిషానికి 1,500 నుంచి 2,000 అడుగుల దాకా ఉంటుంది, మెల్లగా తేలుతూ రావడమేమీ కాదు. నేల దగ్గరపడ్డాక ముక్కు పైకెత్తి ముందుకు పోయే వేగాన్ని తగ్గిస్తారు, ఆ వేగంలో ఉన్న శక్తి కొంత రోటర్‌లోకి చేరుతుంది, ఆఖరి కొన్ని అడుగుల్లో కలెక్టివ్‌ని పైకి లాగి రోటర్‌లో మిగిలిన శక్తినంతా ఒక్కసారి ఖర్చుపెట్టి దింపుతారు. రెండో ఛాన్స్ ఉండదు.

కాబట్టి ఇంజిన్ ఆగినప్పుడు పైలట్ దగ్గర ఉండేవి మూడే: ఎత్తు, వేగం, రోటర్ తిరుగుడు. మూడు జేబుల్లో డబ్బున్నట్టు అనుకోండి, ఒక జేబు ఖాళీ అయినా ఇంకో దాంట్లోంచి తీసి నెట్టుకురావచ్చు. టేకాఫ్ సమయంలో ఎత్తు ఉండదు, వేగం ఉండదు. మూడో జేబు కూడా చిల్లులు పడి ఉంటుంది, ఎందుకంటే పైకి లేవడానికి కలెక్టివ్ బాగా పైకి లాగి ఉంచుతారు, బ్లేడ్లు గాలిని పెద్ద వాలుతో కోస్తుంటాయి, ఇంజిన్ తోడు పోగానే ఆ గాలి ఒత్తిడికి రోటర్ వేగం మామూలు కంటే త్వరగా పడిపోతుంది. రాబిన్సన్ ఆర్22 లాంటి తేలికపాటి రోటర్ ఉన్న చిన్న హెలికాప్టర్లలో కలెక్టివ్ దించడానికి దొరికే సమయం ఒకటి రెండు సెకన్లు. ఏదో తేడాగా ఉందే అని మనసు గుర్తించేలోపే ఆ సమయం అయిపోతుంది. దీనికి తోడు ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, ఒక్కసారిగా పోవడంతో ముక్కు ఒక పక్కకి గిరుక్కున తిరుగుతుంది. పై నుంచి చూస్తే రోటర్ అపసవ్యంగా తిరిగే మోడళ్లలో ఎడమవైపుకి తిరుగుతుంది, దాన్ని కుడి పెడల్‌తో సరిచేయాలి. ఇవన్నీ ఆ రెండు సెకన్లలోనే.

ప్రతి మోడల్ మాన్యువల్‌లో ఎత్తు-వేగం గ్రాఫ్ ఒకటి ఉంటుంది. అందులో గీతలు కొట్టి చూపించిన భాగాన్ని పైలట్లు డెడ్ మ్యాన్స్ కర్వ్ అంటారు, పేరులోనే విషయం ఉంది. మోడల్‌ని, బరువుని బట్టి అంకెలు మారతాయి గానీ, చాలా చిన్న సింగిల్ ఇంజిన్ హెలికాప్టర్లలో కథ దాదాపు ఒకటే. పది అడుగుల లోపు హోవర్ చేస్తుంటే, అంటే గాలిలో ఒకేచోట కదలకుండా నిలబడి ఉంటే, ఫర్వాలేదు, రోటర్‌లో మిగిలిన ఊపుతో మెత్తగా కూర్చోబెట్టొచ్చు. 400, 500 అడుగులు దాటితే కూడా ఫర్వాలేదు, ఆటోరొటేషన్‌లోకి వెళ్లి వేగం పుంజుకోవడానికి చోటుంటుంది. ఆ రెండింటి మధ్య, వేగం లేకుండా ఉన్న ఎత్తంతా చెడ్డ చోటే. వేగం పెరిగేకొద్దీ ఆ చెడ్డ భాగం సన్నబడుతూ వచ్చి ఒక దగ్గర మూసుకుపోతుంది. అందుకే జాగా ఉంటే పైలట్ నిలువుగా లేవడు, నేలకు దగ్గరగా ముందుకి పరుగెత్తించి వేగం వచ్చాక పైకి లేపుతాడు. బయట నుంచి చూసేవాళ్లకి అది షో చేస్తున్నట్టు ఉంటుంది, నిజానికి అదే జాగ్రత్త.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. చిన్న హెలికాప్టర్లకు ఆ గ్రాఫ్ నిషేధమేమీ కాదు, మాన్యువల్‌లో పనితీరు సమాచారం కింద ఇస్తారు. తాడుకి బరువు కట్టి మోసేవాళ్లు, కరెంటు లైన్ల పని చేసేవాళ్లు, అడవి మంటల మీద నీళ్లు పోసేవాళ్లు రోజులో చాలాసేపు ఆ గీతల లోపలే ఉంటారు, పనే అలాంటిది. అక్కడ వాళ్లని కాపాడేది ఇంజిన్ ఆగకుండా ఉండటం ఒక్కటే.

మరి రెండు ఇంజిన్లు పెడితే? బాగానే పనిచేస్తుంది, కానీ షరతులున్నాయి. పెద్ద హెలికాప్టర్లలో కేటగిరీ ఎ అనే పద్ధతిలో టేకాఫ్ చేసేటప్పుడు నిర్ణయ బిందువు అని ఒకటి ముందే లెక్కగట్టి పెట్టుకుంటారు. ఆ బిందువుకి ముందు ఒక ఇంజిన్ పోతే వెనక్కి దిగిపోవాలి, దాటాక పోతే మిగిలిన ఇంజిన్‌తో ఎగిరిపోవాలి, మధ్యలో ఊగిసలాట లేదు. ఆసుపత్రి పైకప్పు మీద నుంచి లేచే హెలికాప్టర్ ఒక్కోసారి వెనక్కి జరుగుతూ పైకి లేవడం చూసే ఉంటారు. ఏదైనా అయితే తిరిగి దిగాల్సిన ప్యాడ్ పైలట్ కంటికి ఎదురుగా ఉండాలని అలా చేస్తారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన చిన్న ఉపాయం ఇదే. మిగిలిన ఇంజిన్ కూడా ఇలాంటప్పుడు మామూలు పరిమితి దాటి 30 సెకన్లు, ఆ తర్వాత 2 నిమిషాలు అదనపు పవర్ ఇచ్చేలా కొన్ని మోడళ్లలో తయారుచేస్తారు.

ఈ లెక్కంతా నిలబడాలంటే రెండు విషయాలు నిజమై ఉండాలి. ఒకటి, హెలికాప్టర్ బరువు కాగితం మీద రాసినంతే ఉండాలి. రెండు, ఒక ఇంజిన్‌ని చంపిన కారణం రెండోదాన్ని కూడా చంపకూడదు. ఈ రెండూ తేలిపోయేది గాలిలో కాదు, కింద ఇంధనం పట్టించేటప్పుడు.

రెండోదే ముందు చూద్దాం. ఇంజిన్లు రెండైనా పట్టించిన పైపు ఒకటే. అందులో నీళ్లో చెత్తో వస్తే రెండింటికీ ఒకేసారి పడుతుంది. హెలికాప్టర్ కాకపోయినా దీనికి మంచి ఉదాహరణ 2010 ఏప్రిల్ 13న ఇండోనేషియాలోని సురబయ నుంచి హాంకాంగ్ వెళ్లిన కేథే పసిఫిక్ 780 విమానం. విమానాశ్రయంలోని ఇంధన పైపులైన్‌లోకి ఉప్పునీరు చేరింది, అక్కడి ఫిల్టర్లలో నీళ్లు పీల్చుకోవడానికి పెట్టిన పదార్థం చిన్న చిన్న గుళికలై ఇంధనంతో పాటు ట్యాంకుల్లోకి వచ్చింది, రెండు ఇంజిన్ల నియంత్రణ పరికరాల్లోనూ ఇరుక్కుంది. ఒక ఇంజిన్ తగ్గకుండా, ఇంకోటి పెరగకుండా మొండికేసినా అందరినీ ప్రాణాలతో దించగలిగారు. నీళ్లని ఆపడానికి పెట్టిన ఫిల్టరే ఇంజిన్లకి అడ్డం పడింది చూడండి! అమెరికాలో 2017, 2018లో ఇంకో రకం పొరపాటు జరిగింది, జెట్ ఇంధనంలో మంచు కట్టకుండా కలపాల్సిన ద్రవం బదులు డీజిల్ బండ్ల పొగ శుద్ధికి వాడే యూరియా ద్రవం కలిపేశారు, రెండూ చూడ్డానికి నీళ్లలా తేటగా ఉంటాయి మరి. యూరియా స్ఫటికాలుగా మారి ఫిల్టర్లలో అడ్డుపడింది.

ఈ చెడ్డ ఇంధనం టేకాఫ్‌లోనే ఎందుకు బయటపడుతుంది అన్నది చాలామందికి తట్టని సంగతి. ట్యాంకులో కొత్త ఇంధనం పడ్డా, అక్కడి నుంచి ఇంజిన్ దాకా పైపుల్లో, ఫిల్టర్ గిన్నెలో పాత మంచి ఇంధనం ఉంటుంది. స్టార్ట్ చేయడానికి, వేడెక్కించడానికి, మీటర్లు చూసుకోవడానికి అది సరిపోతుంది. అన్నీ బాగున్నాయని పైలట్ పవర్ మొత్తం లాగి పైకి లేపుతాడు, ఇంధనం అన్నింటికంటే వేగంగా ఖర్చయ్యేది అప్పుడే, కొత్త ఇంధనం ఇంజిన్‌కి చేరేది కూడా దాదాపు అప్పుడే. అంటే జేబులు ఖాళీగా ఉన్న ఆ నిమిషాన్నే వెతుక్కుని వచ్చినట్టు వస్తుంది.

అన్నింటికంటే దారుణం రకమే మారిపోవడం. పిస్టన్ ఇంజిన్లకు ఆవ్‌గ్యాస్ అనే పెట్రోల్, జెట్ తరహా టర్బైన్ ఇంజిన్లకు జెట్ ఏ లేదా జెట్ ఏ-1. మామూలుగా దొరికే ఆవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ నీలంగా ఉంటుంది, జెట్ ఇంధనం రంగు లేకుండా లేదా లేత గడ్డిరంగులో ఉంటుంది. పిస్టన్ ఇంజిన్‌లో జెట్ ఇంధనం పడితే స్టార్ట్ అవుతుంది, కాసేపు నడుస్తుంది కూడా, తర్వాత సిలిండర్లలో వేళకాని పేలుళ్లు మొదలై ఇంజిన్ పాడైపోతుంది. పేరున్న విన్యాసాల పైలట్ బాబ్ హూవర్ విమానానికి ఇలాగే జరిగింది, టేకాఫ్ అయిన కాసేపటికే రెండు ఇంజిన్లూ పోయాయి, ఎలాగో దించి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాతే జెట్ ఇంధనం నాజిల్‌ని వెడల్పుగా, చదునుగా చేసి ఆవ్‌గ్యాస్ ట్యాంకు మూతిలో పట్టకుండా చేసే పద్ధతికి ఊపు వచ్చింది, దాన్ని హూవర్ నాజిల్ అనే పిలుస్తారు. ఎంత సులువైన పరిష్కారం! అయితే చాలా టర్బైన్ హెలికాప్టర్లలో ట్యాంకు మూతే చిన్నది, ఆ వెడల్పు నాజిల్ అందులో పట్టదు. అందుకని వాటికోసం జెట్ ట్యాంకర్‌కి గుండ్రటి సన్న నాజిల్ తగిలిస్తారు, పని అయ్యాక తిరిగి మార్చడం ఎవరో మర్చిపోతారు, తర్వాత వచ్చే పిస్టన్ విమానానికి ఆ రక్షణ లేదు. పొరపాటు చేసింది ఎవరు, ఫలితం ఎవరికి, మధ్యలో ఒక్క నాజిల్ ఉంది. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూస్తారు. ఆవ్‌గ్యాస్ ఆవిరైపోతుంది, జెట్ ఇంధనం నూనె మరక వదులుతుంది.

నీళ్ల సంగతి ఇంత నాటకీయం కాదు గానీ రోజూ ఉండేది. సగం ఖాళీ ట్యాంకు రాత్రంతా చల్లబడితే లోపలి తేమ నీళ్లుగా మారి అడుగుకి చేరుతుంది. అందుకే పొద్దున్నే అడుగున ఉన్న డ్రెయిన్ నుంచి కొంచెం సీసాలోకి పట్టి వెలుతురులో చూస్తారు. జెట్ ఇంధనంలో నీళ్లు ఆవ్‌గ్యాస్‌లో కంటే నెమ్మదిగా అడుగుకి దిగుతాయి, కాబట్టి పట్టించిన వెంటనే డ్రెయిన్ చేస్తే ఏమీ కనబడకపోవచ్చు, అంటే ఏమీ లేదని కాదు. మారుమూల చోట్ల డ్రమ్ముల్లోంచి పట్టించేవాళ్లకి ఇంకా నియమాలుంటాయి: డ్రమ్ముని పడుకోబెట్టి, బిరడాలు రెండూ ఇంధనంలో మునిగి ఉండేలా దాచాలి, వాడే ముందు నిలబెట్టి కాస్త వాల్చి కుదురుకోనివ్వాలి, పంపు గొట్టం అడుగు దాకా దించకూడదు. అడుగున మిగిలిన ఆ నాలుగు లీటర్ల కోసం కక్కుర్తి పడకూడదు.

ట్యాంకులో మంచి ఇంధనమే ఉండి కూడా ఇంజిన్‌కి అందకపోవడం ఇంకోటి. 2013 నవంబర్ 29 రాత్రి గ్లాస్గోలో పోలీసు హెలికాప్టర్, ఈసీ135, ఒక పబ్ పైకప్పు మీద పడి పదిమంది చనిపోయారు. అది టేకాఫ్‌లో కాదు, తిరిగి వస్తుండగా. ప్రధాన ట్యాంకులో ఇంకా 76 కిలోల ఇంధనం ఉంది. దాన్ని ఇంజిన్లకు నేరుగా ఇంధనం అందించే చిన్న ట్యాంకుల్లోకి పంపే రెండు పంపుల స్విచ్‌లూ ఆఫ్‌లో ఉన్నాయి. ఒక ఇంజిన్ ఆగింది, కొద్దిసేపటికే రెండోదీ ఆగింది. రెండు ఇంజిన్లు ఉన్నాయన్న ధీమా ఏ మాత్రం పనికిరాలేదు.

ఇప్పుడు బరువు దగ్గరికొద్దాం. లీటరు జెట్ ఇంధనం సుమారు 0.8 కిలోలు, అంటే వంద లీటర్లు ఎక్కువ పట్టిస్తే ఒక మనిషిని అదనంగా ఎక్కించుకున్నట్టే. ఎండ ఎక్కువైనా, ఎత్తయిన చోటైనా గాలి పలచబడి రోటర్‌కీ ఇంజిన్‌కీ శక్తి తగ్గుతుంది. నేలకు దగ్గరగా, రోటర్ వ్యాసమంత ఎత్తు లోపల, నేల వల్ల కొంచెం ఊతం దొరుకుతుంది, అందుకే బరువెక్కువైన హెలికాప్టర్ కూడా హోవర్‌లో బాగానే నిలబడినట్టు కనిపిస్తుంది, ఆ ఊతం దాటాక అసలు సంగతి తెలుస్తుంది.

2008 ఆగస్టు 5న ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో జరిగింది ఇదే. అడవి మంటలు ఆర్పే సిబ్బందిని వెనక్కి తీసుకురావడానికి వెళ్లిన సికోర్‌స్కీ ఎస్-61ఎన్, దాదాపు 6,000 అడుగుల ఎత్తున్న చోటి నుంచి లేస్తూ చెట్లలోకి పడిపోయి కాలిపోయింది. అంతకుముందు అక్కడి నుంచి రెండు ట్రిప్పులు బాగానే వేసింది, మధ్యలో వెళ్లి ఇంధనం పట్టించుకుని మూడో ట్రిప్పుకి వచ్చింది. 13 మందిలో తొమ్మిది మంది చనిపోయారు. రోటర్ వేగం పడిపోయింది కాబట్టి ముందు ఇంజిన్ మీదే అనుమానం. ఇంధన నియంత్రణ పరికరంలో చెత్త చేరిందా అన్న చర్చ చాలా నడిచింది. అమెరికాలో ఇలాంటి ప్రమాదాల్ని విచారించే ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తులో తేలింది వేరు, ఇంజిన్లు రెండూ మామూలుగానే పనిచేశాయి, హెలికాప్టర్ ఖాళీ బరువుని కాగితాల మీద కావాలని తక్కువ చేసి చూపించారు, పవర్ లెక్కల చార్టుని కూడా మార్చారు. పైలట్లు ఆ కాగితాలు చూసి సరిపోతుందనుకున్నారు. నిజానికి అది మోయగలిగే బరువు కాదు. బయటికి ఇంజిన్ ఫెయిల్ అయినట్టే కనబడే ప్రమాదాల్లో ఎన్ని ఇలాంటివో అనిపిస్తుంది నాకు.

ఇంక పైపు పట్టుకున్నప్పటి ప్రమాదం. పైపులోంచి, ఫిల్టర్లోంచి ఇంధనం వేగంగా పారుతుంటే స్టాటిక్ కరెంట్ పుడుతుంది, దానికి బయటపడే దారి లేకపోతే నాజిల్ దగ్గర మెరుపులా దూకుతుంది. అందుకే ట్యాంకర్‌కీ హెలికాప్టర్‌కీ మధ్య తీగ కలిపాకే మూత తెరవాలి, మూత బిగించాకే తీగ తీయాలి. ఈ వరుస మారకూడదు. ఆవ్‌గ్యాస్ ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది, జెట్ ఇంధనం మాత్రం 38 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ వేడెక్కితే తప్ప ఆ స్థితికి రాదు. అలాగని నిశ్చింత కాదు, తుంపరగా చిమ్మితే అంతకంటే తక్కువ వేడిలోనూ అంటుకుంటుంది.

రోటర్ తిరుగుతుండగానే ఇంధనం పట్టించడం చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే. అంబులెన్స్ హెలికాప్టర్లకు సమయం ముఖ్యం, మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేస్తే టర్బైన్ ఆయుష్షు తగ్గుతుంది, అందుకని చేస్తారు. అమెరికాలో వాడే ఎన్ఎఫ్‌పీఏ 407 అనే అగ్ని భద్రతా ప్రమాణం ప్రకారం జెట్ ఏ, జెట్ ఏ-1 వాడే టర్బైన్లకు మాత్రమే ఇది చేయొచ్చు, పైలట్ సీట్లోనే ఉండాలి, ఇంధనం మూత పక్కనున్న తలుపులు మూసి ఉండాలి, ప్రయాణికుల్ని దించేయాలి, చేయి వదిలితే దానంతటదే ఆగిపోయే నాజిల్ వాడాలి. ఆ నాజిల్ ట్రిగ్గర్‌లో రాయో మూతో దూర్చి చేయి వదిలేసే తెలివైనవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. వీటన్నింటికీ మించి నన్ను ఆలోచనలో పడేసేది ఒకటుంది: ఇలా పట్టించినప్పుడు నీళ్లు అడుగుకి దిగే సమయమూ లేదు, డ్రెయిన్ చేసి చూసే అవకాశమూ లేదు. రెండు నిమిషాల్లో పవర్ మొత్తం లాగి లేచిపోతారు. కాబట్టి పరీక్షంతా ట్యాంకర్ దగ్గరే, హెలికాప్టర్ రాకముందే అయిపోయి ఉండాలి.

అన్నీ తప్పి హెలికాప్టర్ పడితే, ఆ పడటం చాలాసార్లు తక్కువ ఎత్తు నుంచే కాబట్టి దెబ్బలతో బతికే అవకాశం ఉంటుంది. అప్పుడు చంపేది మంట. 2015 జూలై 3న కొలరాడోలోని ఫ్రిస్కోలో ఆసుపత్రి పక్క నుంచి లేచిన ఏఎస్350 హెలికాప్టర్ గిరగిరా తిరిగి కార్ల పార్కింగ్‌లో పడింది. ఇంజిన్‌కి ఏమీ కాలేదు, తోక రోటర్ పెడల్స్‌కి హైడ్రాలిక్ సాయం అందలేదు. ట్యాంకు పగిలి ఇంధనం పారి అంటుకుంది, పైలట్ చనిపోయారు, ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు. పడినా పగలని రబ్బరు తిత్తి లాంటి ట్యాంకులు, తెగితే తమంతట తామే మూసుకునే పైపులు అప్పటికి కొత్త కాదు. అమెరికా సైన్యం 1970 నుంచే తన హెలికాప్టర్లలో పెట్టింది, బతకగలిగే ప్రమాదాల్లో కాలిపోయి చనిపోవడం దాదాపు ఆగిపోయింది. పౌర హెలికాప్టర్లకు 1994లో నియమం వచ్చింది గానీ ఆ తర్వాత కొత్తగా ఆమోదం పొందే డిజైన్లకే, పాత డిజైన్‌తో కొత్తగా తయారయ్యేవాటికి వర్తించలేదు. అలా పాతికేళ్లు గడిచాయి. చివరికి 2018లో అమెరికా చట్టం చేసి, 2020 ఏప్రిల్ 5 తర్వాత తయారయ్యే ప్రతి హెలికాప్టర్‌లోనూ అలాంటి ఇంధన వ్యవస్థ ఉండాల్సిందేనంది. అంతకుముందు తయారై ఇప్పటికీ ఎగురుతున్నవాటికి మాత్రం అదే చట్టంలో ఉన్నది మార్చుకోమని ప్రోత్సహించడమే.